పార్టీ గేమ్స్ సెట్ తెప్పించా, చిన్న పిల్లల ఇంగ్లీష్ క్లాసుకి ఎంతవరకు పనికొచ్చిందో చెప్తా

మా క్లాసులో 32 మంది పిల్లలు, ఏడు నుంచి తొమ్మిదేళ్ళ మధ్య వాళ్ళు. పండగ సెలవులకి ముందు రోజు పాఠం వద్దు పార్టీ చేద్దాం అనుకున్నాం, కానీ ఆ రెండు గంటలూ ఉత్తి గోలలో పోకూడదు, పిల్లల నోట్లోంచి కాస్త ఇంగ్లీష్ రావాలి అని వెతికి ఈ సెట్ తెప్పించా. డబ్బాలో 60 బొమ్మల కార్డులు, 10 ఖాళీ కార్డులు, 36 బింగో (మన తంబోలా లాంటి ఆట) షీట్లు, ఒక నిమిషం శాండ్ టైమర్, టీచర్ కోసం చిన్న పుస్తకం ఉన్నాయి. మొత్తం 12 ఆటలు. ఇప్పటికి మూడు సార్లు ఆడించా, అందులో ఒకసారి ఇంకో క్లాసులో, కాబట్టి డబ్బా విప్పగానే రాసేస్తున్న రివ్యూ కాదు ఇది.

నేను ఏ ఆటనైనా ఒకే లెక్కతో చూస్తా. పది నిమిషాలు ఆడితే ఒక్కో పిల్లకి నోరు తెరిచే వంతు ఎన్నిసార్లు వచ్చింది? పిల్లలు నవ్వారు ఎగిరారు సరే, పార్టీలో అది ఎలాగూ ఉంటుంది, దానికి ప్రత్యేకంగా ఇంగ్లీష్ ఆటల సెట్ అక్కర్లేదు కదా.

ఆ లెక్కలో పాస్ ద పార్సిల్ పుస్తకంలో ఉన్నట్టు ఆడిస్తే ఫెయిల్. ఒకటే పార్సిల్, 12 పొరలు, పాట ఆగినప్పుడు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు ఒక పొర విప్పి లోపల చీటీలో ఉన్న ప్రశ్నకి జవాబు చెప్పాలి. అంటే 32 మందిలో ఎక్కువలో ఎక్కువ 12 మందికి వంతు, మిగతా ఇరవై మంది పార్సిల్‌ని పక్కవాళ్ళకి తోసి ఊరుకుంటారు. మొదటిసారి నేను అలాగే ఆడించా, వెనక వైపు కూర్చున్న వాళ్ళు ఐదు నిమిషాలకే కబుర్లలో పడ్డారు. రెండోసారి నాలుగు పార్సిళ్ళు కట్టి ఎనిమిదేసి మందిని గుండ్రంగా కూర్చోబెట్టా, ఒక్కోదానికి ఎనిమిది పొరలు, పాట మాత్రం అందరికీ ఒకటే, ఒకసారి విప్పిన వాళ్ళ దగ్గర ఆగితే పక్కనున్న విప్పని వాళ్ళకి ఇచ్చెయ్యాలి. ఇంకో రూల్ కూడా పెట్టా, ఇచ్చేటప్పుడు 'హియర్ యు ఆర్' అనాలి, తీసుకునేటప్పుడు 'థాంక్యూ' అనాలి, అనకపోతే చేతిలోంచి వదలకూడదు. అంతే, ఆట మొత్తం ప్రతి పిల్లా మాట్లాడుతూనే ఉంది. కట్టడానికి ముందు రోజు సాయంత్రం మొత్తం పట్టింది, అయినా మళ్ళీ అలాగే కడతా.

నాకు నిజంగా కోపం వచ్చింది మాత్రం అవుట్ చేసే ఆటల మీద. 12 లో నాలుగు అలాంటివే, మ్యూజికల్ చైర్స్, సైమన్ సేస్, స్టాచ్యూ లాంటివి. తప్పు చేస్తే వెళ్ళి గోడ దగ్గర కూర్చోవాలి. సైమన్ సేస్ అంటే, 'సైమన్ సేస్' అని ముందు పెట్టి ఏం చెయ్యమంటే అది చెయ్యాలి, ఆ మాట లేకుండా చెప్తే కదలకూడదు. ఆలోచించండి, అందులో ముందు అవుటయ్యేది ఎవరు? 'ఎల్బో' అంటే మోచెయ్యో మోకాలో తెలియని పిల్లే. ఆ మాట అందరికంటే ఎక్కువసార్లు వినాల్సింది ఆ పిల్లే, అందరికంటే ముందు బయటికి పోయేదీ ఆ పిల్లే. బాగా వచ్చిన వాళ్ళు చివరిదాకా ఉండి ఇంకా ప్రాక్టీస్ చేస్తారు. పిల్లలకి ఇంగ్లీష్ నేర్పే సెట్ అని డబ్బా మీద రాసి అమ్మేవాళ్ళు ఇంత చిన్న విషయం చూసుకోకపోతే ఎలా?

సైమన్ సేస్ చెడ్డ ఆట అనట్లేదు. పిల్లలు మాట్లాడకపోయినా దాంట్లో వినడం చాలా ఉంది. జేమ్స్ ఆషర్ అనే సైకాలజిస్ట్ 1960ల నుంచి చెప్పుకొచ్చిన పద్ధతి ఒకటి ఉంది, టోటల్ ఫిజికల్ రెస్పాన్స్ అంటారు, మాట విని దానికి తగ్గట్టు ఒళ్ళు కదిలిస్తూ పోతే భాష పట్టుబడుతుంది, మాట్లాడమని ముందే ఒత్తిడి పెట్టక్కర్లేదు అని. కొత్తగా మొదలుపెట్టిన పిల్లలకి అది బాగా పనిచేస్తుంది. అందుకే నేను అవుట్ తీసేసి రెండు గుంపులు పెట్టా, తప్పు చేస్తే ఈ గుంపులోంచి ఆ గుంపులోకి వెళ్ళాలి, ఆట ఆగదు. మ్యూజికల్ చైర్స్‌లో కూడా కుర్చీలు తగ్గించడం మానేసి ఎప్పుడూ ఒకటే తక్కువ ఉంచా. నిలబడిపోయిన వాళ్ళు 'చేంజ్ ప్లేసెస్ ఇఫ్ యు హావ్ ఎ బ్రదర్' లాంటిది ఏదో ఒకటి అనాలి, అది వర్తించే వాళ్ళంతా లేచి కుర్చీ మారాలి. క్లాసులో ఎప్పుడూ మాట్లాడని ఒక అబ్బాయి కావాలనే కుర్చీ వదిలేసి మూడు సార్లు నిలబడ్డాడు, చెప్పే వంతు తనకే రావాలని. అది చూసి నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

బింగో మాత్రం బాగా చేశారు, దీనికి ఫుల్ మార్కులు. అంకెలు వరసగా నింపకుండా కావాలనే థర్టీన్ థర్టీ, ఫోర్టీన్ ఫోర్టీ, ఫిఫ్టీన్ ఫిఫ్టీ జంటలు చాలా షీట్లలో పెట్టారు. పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే. థర్టీన్ విడిగా పలికితే చివర టీన్‌ని నొక్కి పలుకుతాం, థర్టీలో మొదటి భాగాన్ని నొక్కి పలుకుతాం, వినీ వినీ చెవికి పట్టాలి తప్ప బోర్డు మీద రాస్తే రాదు. అంకెలు మీరు పిలవకండి, పిల్లల చేత పిలిపించండి. తప్పు పలికితే క్లాసంతా 'థర్టీన్ ఆ, థర్టీ ఆ' అని కాకుండా 'వన్ త్రీ ఆర్ త్రీ జీరో?' అని అడగడం నేర్పించా, ఆ ఒక్క ప్రశ్న మామూలు పాఠాల్లో కూడా వాడుతున్నారు ఇప్పుడు.

మూకాభినయం కార్డులు సగం సగం. స్విమ్, స్లీప్, కుక్ లాంటివి బాగున్నాయి, కానీ 'సెలబ్రేట్', 'ఎంజాయ్' అని కూడా కార్డులు ఇచ్చారు, ఏడేళ్ళ పిల్ల దాన్ని ఎలా చేసి చూపిస్తుంది? పైగా ఆ రెండు బొమ్మలూ దాదాపు ఒకేలా ఉన్నాయి, బెలూన్ల మధ్య నవ్వుతున్న పిల్లలు. అవి తీసి పక్కన పెట్టేశా. చూసేవాళ్ళు 'స్లీపింగ్' అని ఒక్క మాట అరిస్తే పాయింట్ ఇవ్వొద్దు, 'ఆర్ యు స్లీపింగ్?' అని పూర్తిగా అడిగితేనే ఇవ్వండి.

అన్నిటికంటే మంచి ఆటని పుస్తకం చివర్లో చిన్న అక్షరాల్లో పడేశారు, ఫైండ్ సమ్‌వన్ హూ. విజిల్ వెయ్యగలిగే వాళ్ళని, గురువారం పుట్టిన వాళ్ళని, పిల్లిని పెంచే వాళ్ళని క్లాసంతా తిరిగి అడిగి పట్టుకోవాలి. ఒకేసారి పదహారు జంటలు మాట్లాడుతుంటాయి, నా లెక్కలో దీన్ని మించింది లేదు. కానీ పిల్లలు పక్కవాళ్ళ కాగితంలో పేర్లు కాపీ కొట్టేస్తారు, అందుకే ఒకరిని ఒక్క ప్రశ్నే అడిగి వెంటనే ఇంకొకరి దగ్గరికి వెళ్ళాలి అన్నా. ఆడించే ముందు ప్రశ్నలు రెండు మూడు సార్లు అందరి చేత అనిపించకపోతే 'క్యాట్? యస్? ఓకే' దగ్గరే ఆగిపోతారు.

రూల్స్ ఇంగ్లీష్‌లో చదివి వినిపించమని పుస్తకంలో ఉంది, వద్దు. ఇద్దరు పిల్లల్ని ముందుకి పిలిచి ఆడి చూపిస్తే నిమిషంలో అర్థమవుతుంది. ఇంకా పరుగులాటలు రెండు వరసగా పెట్టకండి, మధ్యలో బింగో లాంటి కూర్చునే ఆట ఉండాలి, చివర్లో కూడా కూర్చునే ఆటే పెడితే పిల్లల్ని కుదుటపరిచి పంపొచ్చు.

కార్డుల అట్ట పల్చన, మూడోసారికే మూలలు మడత పడ్డాయి, వాడకముందే లామినేషన్ చేయించుకోవడం మంచిది. బింగో షీట్ల మీద రాయకుండా గింజలో బొత్తాలో పెట్టిస్తే మళ్ళీ మళ్ళీ వస్తాయి. శాండ్ టైమర్ బాగుంది. బహుమతుల చార్ట్ ఒకటి ఇచ్చారు, ఫస్ట్ సెకండ్ థర్డ్ అని, దాన్ని నేను గోడకి అంటించలేదు.

నా రేటింగ్ ఐదుకి మూడున్నర. ఉన్నది ఉన్నట్టు ఆడిస్తే రెండే ఇచ్చేదాన్ని.

ఖాళీ కార్డుల గురించి కూడా చెప్పాలి. మొదటి రోజే పిల్లలకి ఇచ్చి మూకాభినయానికి మీరే రాయండి అన్నా. 'మై గ్రాండ్‌మా ఈజ్ లుకింగ్ ఫర్ హర్ గ్లాసెస్' అని రాసిందో పిల్ల, స్పెల్లింగ్ రెండు చోట్ల తప్పు, కానీ చేసి చూపించిన వాడు కళ్ళజోడు నెత్తి మీదే పెట్టుకుని ఇల్లంతా వెతికినట్టు చేస్తే క్లాసంతా లేచి నిలబడి పూర్తి వాక్యంలో అరిచింది. ఆ పది కార్డులూ అక్కడే అయిపోయాయి. పాత అట్టపెట్టెలు కత్తిరించి ఇంకో నలభై చేసుకున్నా.