తెలుగు పేజీలను ప్లేరైట్‌తో టెస్ట్ చేస్తే

బెంగళూరులో టెస్టింగ్ అంటే, మారతహళ్లి కోచింగ్ సెంటర్ల పుణ్యమా అని, మనలో చాలామంది ముందు నేర్చుకునేది వెబ్ పేజీలను ఆటోమేటిక్‌గా టెస్ట్ చేసే సెలీనియం టూలే. నేనూ ఆ బాపతే. మా యాప్‌కి కన్నడ, తెలుగు పేజీలు వచ్చాక టీమ్ మొత్తం అలాంటి పనే చేసే మైక్రోసాఫ్ట్ వాళ్ల టూల్ ప్లేరైట్‌కి మారింది. స్పీడ్ గురించి, టెస్ట్ ఎలా నడిచిందో చూపించే ట్రేస్ వ్యూయర్ గురించి యూట్యూబ్‌లో బోలెడు వీడియోలున్నాయి కాబట్టి వాటి జోలికి పోను, స్క్రీన్ మీద ఉండాల్సిన మాట ఉందో లేదో చూడటానికి ఇది ఎంతవరకు పనికొస్తుందో అదొక్కటే చెప్తాను.

టుహావ్‌టెక్స్ట్ (ఇక్కడ ఈ మాటే ఉండాలి అని చెప్పే కమాండ్) అని రాస్తే ఆ మాట కనిపించేదాకా తనే మళ్లీ మళ్లీ చూస్తుంది, డీఫాల్ట్‌గా 5 సెకన్లు. దాంతో కోడ్‌లో ఉన్న స్లీప్‌లన్నీ (ఇన్ని సెకన్లు ఆగు అనే లైన్లు) పీకేశాం. అదనపు స్పేసులు, లైన్ బ్రేకులు పట్టించుకోదు. రూపాయి గుర్తుకీ అంకెకీ మధ్య నాన్‌బ్రేకింగ్ స్పేస్ (లైన్ అక్కడ విరగకుండా పెట్టే స్పేస్) దాక్కున్నా మామూలు స్పేస్‌లాగే తీసుకుంటుంది. పేజీలో ఎలిమెంట్లు వెతకడానికి వాడే ఎక్స్‌పాత్‌లో, అదనపు స్పేసులు తీసేసే నార్మలైజ్ స్పేస్ పెట్టినా ఇదొక్కటి అలాగే మిగిలిపోతుంది, పడ్డవాళ్లకి తెలుసు ఆ బాధ.

జాగ్రత్త పడాల్సింది పేజీలో మాటను బట్టి వెతికే గెట్‌బైటెక్స్ట్ దగ్గర. అడక్కపోతే అది మాటలో ముక్క దొరికినా చాలు దొరికిందంటుంది. ఇంగ్లీషులో నాట్ అనేది మధ్యలోనే వచ్చి ముక్కను విడగొడుతుంది, మనకేమో కాదు, లేదు అన్నీ చివర్లో వస్తాయి కదా, "చెల్లింపు పూర్తి" అని వెతికితే "చెల్లింపు పూర్తి కాలేదు" అన్న పేజీలో కూడా టెస్ట్ పచ్చగా పాస్ అవుతుంది! ఈ మాట అందులో ఉందా అని చూసే టుకంటెయిన్‌టెక్స్ట్‌దీ ఇదే వరస. తెలుగు పేజీలకి గెట్‌బైటెక్స్ట్‌లో ఎగ్జాక్ట్ ట్రూ (మొత్తం సరిపోవాలి అని) పెట్టండి, లేదా టుహావ్‌టెక్స్ట్‌కి పూర్తి వాక్యం ఇవ్వండి, బద్ధకించొద్దు.

ఇంకో తలనొప్పి, దీనికి టూల్‌ని అనడానికి లేదు. ఓ టెస్ట్ ఫెయిలైతే ఎక్స్‌పెక్టెడ్, రిసీవ్డ్ రెండు లైన్లలోనూ "ఆర్డర్ రద్దయింది" అనే ఉంది, అక్షరం తేడా లేదు. కాపీ చేసి కోడ్‌పాయింట్లు (ఒక్కో అక్షరానికి ఉండే యూనికోడ్ నంబర్లు) తీసి చూస్తే ట్రాన్స్‌లేషన్ ఫైల్‌లో "ఆర్డర్" చివర కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ (పక్క అక్షరంతో కలవకుండా ఆపే గుర్తు) కూర్చుని ఉంది. కీబోర్డ్‌ని బట్టి ఒకరు టైప్ చేస్తే వస్తుంది, ఇంకొకరు చేస్తే రాదు. ఒకే అక్షరాన్ని రకరకాలుగా రాసినవాటిని ఒకే రూపంలోకి తెచ్చే యూనికోడ్ నార్మలైజేషన్ చేసినా అది పోదు. ఇప్పుడు బిల్డ్‌కి ముందే ఓ చిన్న స్క్రిప్ట్‌తో పదం చివర ఉన్నవి మాత్రం తీసేస్తున్నాం, "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల మధ్యలోది తీస్తే ఒత్తు పడి చదవడానికి రాదు మరి.

ప్లేరైట్ ఫ్రీ, ఓపెన్ సోర్స్. జావాలో, పైథాన్‌లో కూడా ఉంది కాబట్టి సెలీనియం వాళ్లు కొత్త లాంగ్వేజ్ నేర్చుకోవాలేమోనని టెన్షన్ పడక్కర్లేదు. 5కి 4 ఇస్తా, ఆ ముక్క వెతుకుడు డీఫాల్ట్‌గా పెట్టినందుకు ఒకటి కట్.