పీహెచ్‌డీకి స్పైకింగ్ చిప్పా, మెమ్రిస్టరా?

హైదరాబాద్‌లో ఉండి మెదడు తరహా ఏఐ చిప్‌ల మీద పీహెచ్‌డీ చేద్దామనుకుంటే ముందుకొచ్చే దారుల్లో ఒకటి డిజిటల్ స్పైకింగ్, అంటే మెదడులోని న్యూరాన్లలా చిన్న చిన్న పల్స్‌లతో (స్పైక్‌లతో) పనిచేసే చిప్. 2014లో ఐబీఎం చూపించిన ట్రూనార్త్ ఈ రకమే: పది లక్షల న్యూరాన్లు, కరెంటు ఖర్చు 70 మిల్లీవాట్ల దగ్గర. ఎఫ్‌పీజీఏ బోర్డు (లోపలి సర్క్యూట్‌ని మనకు కావాల్సినట్టు మార్చుకోగల చిప్ ఉన్నది) ఉంటే గచ్చిబౌలి హాస్టల్ గదిలోనే డిజైన్ పరీక్షించుకోవచ్చు, కానీ ట్రైనింగే తలనొప్పి, మామూలు ట్రైనింగ్ పద్ధతికి డెరివేటివ్ (మార్పు రేటు) కావాలి, స్పైక్‌కి అది సరిగ్గా ఉండదు కదా.

మెమ్రిస్టర్ (తన రెసిస్టెన్స్‌ని గుర్తుపెట్టుకునే డివైస్) సంగతి వేరు. వెయిట్, అంటే ఏఐ నేర్చుకున్న సంఖ్య, రెసిస్టెన్స్ రూపంలో అక్కడే ఉంటుంది, వోల్టేజ్ ఇస్తే ఓమ్ సూత్రమే గుణకారం చేసేస్తుంది, కరెంట్లు ఒకే తీగలో కలిస్తే కూడిక అయిపోతుంది, ఇక మెమరీకీ ప్రాసెసర్‌కీ మధ్య డేటా మోసే పని చాలావరకు తప్పుతుంది. వినడానికి భలే ఉంటుంది! తీరా చేయబోతే ఒక డివైస్‌లా ఇంకోటి ఉండదు, మిగిల్చిన కరెంటులో చాలా భాగం ఏడీసీలే (అనలాగ్ సిగ్నల్‌ని డిజిటల్‌గా మార్చే సర్క్యూట్లు) మింగేస్తాయి. పైగా డివైస్‌లు తయారుచేయడానికి క్లీన్‌రూమ్ (దుమ్ము చేరని ల్యాబ్) కావాలి.

నా ఓటు మొదటిదానికే. ఫ్యాబ్రికేషన్ ల్యాబ్‌లో చోటిప్పించే గైడ్ దొరికితే మాత్రం రెండోది.