గోర్ బోలి (మన లంబాడీ భాష) రికార్డింగు: కూలికి చదవాలా, ఊరికే ఇవ్వాలా, మనమే దాచుకోవాలా?

2011 జనగణనలో లంబాడీ మాట్లాడేవాళ్ళు 32 లక్షలకు పైనే, కానీ ఆ లెక్క హిందీ పద్దులో కలిపేశారు. గుత్తి, కదిరి వైపు తండాల నుంచి బెంగళూరు పోయినవాళ్ళ పిల్లలు ఇప్పుడు యాడి(అమ్మ)తో కూడా తెలుగులోనో కన్నడలోనో మాట్లాడుతున్నారు, కాబట్టి పెద్దల గొంతులు రికార్డు చేయాల్సిందే. ఎవరి చేతికివ్వాలన్నదే పేచీ.

కంప్యూటర్లకు మన మాట నేర్పడానికి, గంటకింత అని డబ్బిచ్చి చదివించుకునే కంపెనీలున్నాయి. శనక్కాయ పంట ఎండిపోయిన ఏడు నీడన కూర్చుని చదివితే కూలి వస్తుందంటే ఎవర్నీ తప్పు పట్టలేం. అగ్రిమెంటు మనకర్థమయ్యే భాషలో చదివి వినిపించమనండి, రికార్డింగు కాపీ తండాకిస్తామని అందులో రాయమనండి. రాయకపోతే నేనైతే వద్దంటాను.

మొజిల్లా వాళ్ళ కామన్ వాయిస్ ఇంకో దారి, ఎవరైనా తమ గొంతు ఊరికే ఇచ్చే వెబ్‌సైటు అది. అక్కడ ఇచ్చిన గొంతు సీసీ జీరో అనే లైసెన్సు కింద పోతుంది, అంటే ఎవరైనా దేనికైనా వాడుకోవచ్చు, ఒకసారి డౌన్‌లోడ్ అయిందాన్ని వెనక్కి తెచ్చుకోలేం. సంతలో బేరం, బస్సు టైము లాంటి మాటలైతే పోనీ. పెళ్ళిలో ఆడవాళ్ళు ఏడుస్తూ పాడే 'ఢావలో' పాటలు కూడా అలా వదిలేస్తామా? పైగా ఎక్కువగా తెర మీది వాక్యం చూసి చదవాలి. మనం తెలుగు లిపిలో రాస్తాం, మహారాష్ట్రవాళ్ళు దేవనాగరిలో రాస్తారు, అవ్వకు రెండూ రావు.

మూడోది మనమే చేసి దాచుకోవడం. న్యూజిలాండ్‌లో మూలవాసులైన మావోరీల రేడియో తె హికు వాళ్ళు అడిగితే పది రోజుల్లో 300 గంటలకు పైగా చదివిన రికార్డింగులు వచ్చాయి, ఎందుకంటే అడిగింది సొంత మనుషులు. దాన్నెవరు వాడాలో చెప్పే షరతులు కూడా వాళ్ళే రాసుకున్నారు. అయితే ఇందులో చాకిరీ ఎక్కువ. ఎవరు మాట్లాడారు, ఏ తండా, దేనికి ఒప్పుకున్నారు అన్నది ప్రతి ఫైలుకీ రాయాలి, రెండు హార్డ్ డిస్కులు రెండు వేరే ఇళ్ళలో ఉండాలి. డిగ్రీ పిల్లలు మొదట్లో హుషారుగా వస్తారు, పరీక్షలొస్తే మాయం!

అయినా నా ఓటు దీనికే. ముందు మన దగ్గర పెట్టుకుని, అందులోంచి పెద్దలు సరేనన్నవి మాత్రమే కామన్ వాయిస్‌కు వదలొచ్చు. తండా పెద్ద నాయక్ ఒక్కడు తలూపితే చాలదు, ఢావలో పాటలు ఇవ్వాలా వద్దా అన్నది పాడే ఆడవాళ్ళే చెప్పాలి.

ఫిబ్రవరి 15న మన గురువు సేవాలాల్ జయంతికి, గుత్తి దగ్గర ఆయన పుట్టిన సేవాగఢ్‌కి జనం ఎలాగూ వస్తారు. ఆ రొదలో రికార్డింగు పెట్టకండి. పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకోండి, తర్వాత ఇళ్ళకే వెళ్ళొచ్చు.