హ్యాండ్ పైలో పండు పచ్చిగా పెట్టాలా, ఉడికించి పెట్టాలా?

హ్యాండ్ పైలు, అంటే గుండ్రటి పిండి బిళ్లలో పండు పెట్టి మడిచి ఓవెన్‌లో కాల్చే, చేత్తో పట్టుకుని తినే చిన్న పైలు (pie), చేయడం మొదలుపెట్టిన వాళ్లు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. పండును ముక్కలు కోసి, చక్కెర కలిపి నేరుగా పెట్టేయొచ్చా? లేక ముందే స్టవ్ మీద ఉడికించుకోవాలా? పిండి కలపడం, వెన్న కరగకుండా చూసుకోవడం, అంచులు ఫోర్క్‌తో నొక్కడం మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. నా ఓటు ఉడికించి, పూర్తిగా చల్లార్చిన పండుకే. అలాగని పచ్చి పండును తీసిపారేయలేను. దానివైపు ఉన్న మంచేమిటో ముందు చెప్తాను.

పచ్చి పండు పెడితే పని సగం తగ్గుతుంది. ఒక గిన్నె, ఒక స్టవ్, చల్లారేదాకా ఎదురుచూపు, ఇవేవీ ఉండవు. రుచిలో కూడా తేడా తెలుస్తుంది. పండు తాజా వాసన, ఆ చిరు పులుపు పోకుండా నిలుస్తాయి. బ్లూబెర్రీ లాంటి చిన్న పండ్లయితే తొక్కే రసాన్ని కొంతసేపు పట్టి ఉంచుతుంది. ఓవెన్‌లో పగిలి, లోపలే చిక్కబడతాయి. పచ్చిగా పెట్టి హాయిగా తినగలిగిన హ్యాండ్ పై ఏదని అడిగితే నేను చెప్పేది బ్లూబెర్రీదే. అక్కడ కూడా కాస్త కార్న్‌ఫ్లోర్, చక్కెర కలిపి వెంటనే నింపేయాలి. కలిపి పక్కన పెట్టి వేరే పనిలో పడితే రసం గిన్నె అడుక్కి దిగిపోతుంది.

అసలు చిక్కంతా ఈ రసంతోనే. యాపిల్‌లో దాదాపు 85 శాతం నీరే. స్ట్రాబెర్రీ, పీచ్ పండ్లలో 90 శాతం దాకా ఉంటుంది. చక్కెర తగలగానే ఆ నీరు బయటికి రావడం మొదలవుతుంది, వేడి తగిలితే మిగిలినదీ వస్తుంది. పెద్ద పైలో ఇది ఇబ్బంది కాదు. అది ఓవెన్‌లో 50 నిమిషాలు, గంట ఉంటుంది. రసం బాగా మరిగి, కార్న్‌ఫ్లోర్ దాన్ని చిక్కబరిచే టైమ్ దొరుకుతుంది. ఆ తర్వాత కోసే ముందు కొన్ని గంటలు చల్లారనిస్తాం కూడా. హ్యాండ్ పై సంగతి వేరు. 200 డిగ్రీల దగ్గర 20 నుంచి 25 నిమిషాల్లో పైన బంగారు రంగు వచ్చేస్తుంది, ఇక తీయక తప్పదు. కార్న్‌ఫ్లోర్ పూర్తిగా పట్టుకోవాలంటే రసం 95 డిగ్రీల దాకా వేడెక్కాలి. పచ్చి యాపిల్ ముక్కల మధ్య ఆ వేడి చేరేసరికి పైపొర రంగు దాటిపోతుంది. పచ్చి పండు పెట్టమనే రెసిపీల్లో చాలావరకు పెద్ద పైల కోసం రాసినవే. వాటిని చిన్నవాటికి యథాతథంగా వాడితే ఈ టైమ్ తేడా దగ్గరే దెబ్బ తగులుతుంది.

అప్పుడేమవుతుందో ట్రే చూస్తే అర్థమవుతుంది. అంచుల్లోంచి రసం కారి, బేకింగ్ పేపర్ మీద నల్లటి గట్టి పాకంలా అంటుకుని ఉంటుంది. తీయబోతే అడుగు ఊడి ట్రేకే ఉండిపోతుంది. పైన చూడ్డానికి బాగున్నా అడుగు తెల్లగా, తడిగా, పిండి పిండిగా ఉంటుంది. యాపిల్ అయితే ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పచ్చి ముక్కలు గట్టిగా ఉండి చోటంతా ఆక్రమిస్తాయి, ఓవెన్‌లో కుంచించుకుపోతాయి. కొరికితే పైన ఖాళీ గుల్ల, కింద కొంచెం పండు. అదే ఉడికించిన యాపిల్ ముందే కుంచించుకుని ఉంటుంది కాబట్టి అంతే పిండి బిళ్లలో ఎక్కువ పండు పడుతుంది. ఈ ఒక్క కారణానికే యాపిల్‌ను పచ్చిగా పెట్టొద్దని గట్టిగా చెప్తాను.

ఉడికించే పద్ధతి పెద్ద కష్టం కాదు. అరకిలో యాపిల్స్‌ని సెంటీమీటరు ముక్కలుగా కోసి, నాలుగు పెద్ద స్పూన్ల చక్కెర, ఒక స్పూన్ వెన్న, చిటికెడు ఉప్పు వేసి మధ్యస్థం మంట మీద ఎనిమిది, పది నిమిషాలు ఉడికించాలి. ముక్క మెత్తబడాలి కానీ ఆకారం పోకూడదు. అప్పుడు రెండు చిన్న స్పూన్ల కార్న్‌ఫ్లోర్‌ను చన్నీళ్లలో కలిపి పోసి, బుడగలు వచ్చాక ఒక నిమిషం ఉంచాలి. సరిపోయిందా లేదా అన్నది గరిటెతో తెలుసుకోవచ్చు. గిన్నె అడుగున గరిటెతో ఒక గీత లాగండి. గీత వెంటనే పూడిపోతే ఇంకా నీరు ఉన్నట్టు. గిన్నె అడుగు కాసేపు కనబడి, తర్వాత నెమ్మదిగా కలిస్తే స్టవ్ ఆపేయండి. నిమ్మరసం ఆపాకే కలపాలి. పులుపుతో కలిసి ఎక్కువసేపు మరిగితే కార్న్‌ఫ్లోర్ పట్టు సడలి మళ్లీ పలచబడుతుంది.

చాలామంది తొందరపడేది దీని తర్వాతే. గోరువెచ్చగా ఉన్నా పర్లేదులే అని నింపేస్తారు. వెన్న 32, 35 డిగ్రీల మధ్యే కరిగిపోతుంది. అంటే చేతికి వేడిగా అనిపించని ఫిల్లింగ్ కూడా పిండిలోని వెన్నను కరిగించగలదు. అది ఓవెన్‌లోకి వెళ్లకముందే కరిగితే పొరలు రావు. వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి, ఆవిరి పోయాక ఫ్రిజ్‌లో పెట్టి, చల్లగా అయ్యాకే వాడండి. ముందు రోజు రాత్రే చేసి పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. 12 సెంటీమీటర్ల వెడల్పున్న పిండి బిళ్లకు రెండు పెద్ద స్పూన్లకు మించి పెట్టకండి.

స్ట్రాబెర్రీ, పీచ్ లాంటి మెత్తటి పండ్లను ఇలా ఉడికిస్తే గుజ్జైపోతాయి, పచ్చిగా పెడితే నీరైపోతాయి. వీటికి మధ్యేమార్గం ఉంది. ముక్కలకు చక్కెర పట్టించి అరగంట ఉంచి, దిగిన రసాన్ని మాత్రమే వడకట్టి సగమయ్యేదాకా మరిగించాలి. కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబరిచి, చల్లారాక ముక్కలు అందులో కలపాలి. పండు పచ్చిదే, పోవాల్సిన నీరు మాత్రం చాలావరకు ముందే పోయింది. శ్రమ కాస్త ఎక్కువే అయినా, మెత్తటి పండ్లకు నేను ఇంకే పద్ధతీ వాడను.

జామ్ పెట్టొచ్చా అని కూడా అడుగుతుంటారు. పెట్టొచ్చు, కానీ మరీ తీపి. వేడికి పలచబడి పొంగుతుంది కూడా, కొంచెమే పెట్టండి. డబ్బాలో వచ్చే రెడీమేడ్ ఫిల్లింగ్ అవసరానికి పనికొస్తుంది, కాస్త నిమ్మరసం కలిపితే చాలు. ఇంట్లో కలిపిన పిండికి బదులు పఫ్ పేస్ట్రీ షీట్లు (ఓవెన్‌లో పొరలు పొరలుగా పొంగే పిండి షీట్లు) వాడేవాళ్లు మాత్రం పచ్చి పండు ఆలోచన పూర్తిగా మానుకోవడం మంచిది. తడి తగిలిన చోట ఆ పొరలు సరిగా పొంగవు.

ఏ పద్ధతైనా పైన రెండు మూడు గాట్లు పెట్టాల్సిందే, లేకపోతే ఆవిరి అంచుల్లోంచి దారి వెతుక్కుంటుంది. ట్రేని ఓవెన్ కింది అరలో పెడితే అడుగు బాగా కాలుతుంది. ఒకేసారి ఎక్కువ చేసి ఫ్రీజర్‌లో దాచుకోవాలనుకుంటే మాత్రం ఉడికించిన పండే వాడండి. పచ్చి పండు గడ్డకట్టినప్పుడు లోపలి కణాలు చిట్లి, మళ్లీ వేడెక్కేసరికి మరింత నీరు వదులుతుంది. ఉడికించిన పండుతో చుట్టి గడ్డకట్టించినవాటిని కరగనివ్వకుండా నేరుగా వేడి ఓవెన్‌లో పెట్టి, మామూలుకంటే ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఎక్కువ ఉంచితే సరిపోతుంది.