ప్రోగ్రెసివ్ కళ్లజోడు: కొన్నేళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

దూరం, మధ్యదూరం, దగ్గర మూడింటినీ ఒకే అద్దంలో చూపించే ప్రోగ్రెసివ్ కళ్లజోడును చత్వారం వచ్చినప్పటి నుంచి, కొన్నేళ్లుగా, రోజంతా పెట్టుకుంటున్నాను. చేతిలోని కాగితాన్నీ ఎదుటి మనిషినీ మార్చి మార్చి చూడవలసిన పనులకు ఇంతకంటే అనుకూలమైనది నాకు కనిపించలేదు. గంటల తరబడి కంప్యూటర్ ముందు కూర్చోవడానికి మాత్రం ఇది సరిపోదు. దీని మంచిచెడ్డలు తెలియాలంటే అద్దంతో పాటు కన్ను, మెదడు పనిచేసే తీరు కూడా కొంత తెలియాలి.

కాంతిని వంచే శక్తిని, అంటే పవర్‌ను, డయాప్టర్లలో కొలుస్తారు; కంటి మొత్తం పవర్ సుమారు 60 డయాప్టర్లు. అందులో మూడింట రెండు వంతులు కంటి ముందుండే పారదర్శక పొర కార్నియాదే అయినా, దాని పవర్‌ను కన్ను మార్చుకోలేదు. దగ్గరి వస్తువుకు తగినట్టు మారేది లోపలి కటకమే. మెదడు నుంచి మూడో కపాల నాడి ద్వారా సంకేతం అందగానే కటకం చుట్టూ ఉండే సిలియరీ కండరం ముడుచుకుంటుంది, కటకాన్ని లాగి పట్టుకున్న సన్నని తంతువులు వదులవుతాయి, కటకం ఉబ్బుతుంది. వయసుతో కటకం గట్టిపడడం వల్ల, సంకేతం సక్రమంగానే వచ్చినా, నలభైలు దాటేసరికి అది తగినంత ఉబ్బలేదు. ఆ లోటును కళ్లజోడు పూడ్చాలి.

1959లో ఫ్రాన్స్‌లో బెర్నార్డ్ మేతెనాజ్ రూపొందించిన వారిలక్స్ అనే అద్దంతో ఈ తరహా అద్దాలు విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి. పైనుంచి కిందికి పవర్ క్రమంగా పెరుగుతుంది కాబట్టి రెండు భాగాల పాత అద్దాలలో కనిపించే గీత ఇందులో ఉండదు, కానీ దానికి మూల్యం పక్కల్లో చెల్లించాలి. పవర్ నిలువునా ఎంత వేగంగా పెరుగుతుందో, మధ్యగీతకు ఇరువైపులా అక్కరలేని సిలిండర్ పవర్ (ఒక దిశలోనే ఎక్కువగా ఉండి చూపును మసకబార్చే పవర్) దానికి రెట్టింపు వేగంతో పెరుగుతుందని 1963లో మింక్విట్జ్ అనే పరిశోధకుడు గణితపరంగా నిరూపించాడు. 2 డయాప్టర్ల అదనపు పవర్‌ను 16 మిల్లీమీటర్ల నిడివిలో పెంచితే, మధ్యగీత నుంచి 4 మిల్లీమీటర్లు పక్కకు జరిగేసరికి దాదాపు 1 డయాప్టర్ మసక చేరుతుంది. ఎంత ఖరీదైన అద్దమైనా ఈ మసకను అటూ ఇటూ సర్దగలదు తప్ప పూర్తిగా తొలగించలేదు.

మొదటి వారాల్లో తల తిప్పినప్పుడల్లా నేల ఊగినట్టు అనిపించింది. తల కుడికి తిరిగితే కళ్లు అంతే మేరకు ఎడమకు తిరిగి దృశ్యాన్ని నిలబెట్టాలి. లోపలి చెవి నుంచి వచ్చే సంకేతంతో ఈ ప్రతిచర్య సెకనులో వందో వంతు కాలంలోనే మొదలవుతుంది. అద్దం వస్తువును పెద్దదిగా గానీ చిన్నదిగా గానీ చూపితే ఆ పాత లెక్క తప్పి, బొమ్మ కంటి వెనక తెర లాంటి రెటీనాపై జారుతుంది. ఆ జారుడును గమనించి లెక్కను సరిచేసేది చిన్నమెదడు. చూపులో కదలిక ఉంటేనే దానికి ఆ సమాచారం అందుతుంది కాబట్టి, కొత్తలో కళ్లజోడును పదేపదే తీసివేయకుండా పెట్టుకొని తిరగడమే మేలని నా అనుభవం. ఇప్పుడు నేను ప్రోగ్రెసివ్‌కూ మామూలు జోడుకూ మధ్య మారినా ఊగిసలాట రావడం లేదు.

మెట్ల విషయం వేరు. అదనంగా 2 డయాప్టర్లున్న కింది భాగం అర మీటరు దూరానికి తగినది. నిలబడిన మనిషికి మెట్టు అంతకు మూడింతల దూరంలో ఉంటుంది. గడ్డాన్ని దించి పైభాగంలోంచి చూడటం అలవాటైంది గానీ, ఇన్నేళ్ల తర్వాత కూడా దిగేటప్పుడు చేయి కమ్మీ మీదే ఉంచుతాను. ఇక కంప్యూటర్ తెరకు పనికివచ్చే మధ్యభాగం చాలా ఇరుకు. వరుస చివరికి వెళ్లాలంటే తలనే తిప్పాలి, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. దానికి వేరే జోడు పెట్టుకున్నాకే నాకు ఉపశమనం దొరికింది.

కొనేవారికి నేను గట్టిగా చెప్పేది కొలతల గురించే. చదివేటప్పుడు రెండు కళ్లూ లోపలికి తిరుగుతాయి, అందుకే చదివే భాగాన్ని ముక్కు వైపు కొద్దిగా జరిపి తయారుచేస్తారు; కనుపాపల దూరాన్ని ఒక్కో కంటికి విడిగా కొలవకపోతే ఆ ఏర్పాటు వృథా. కొత్త అద్దాల మీద చెరిపివేయగల సిరా గుర్తులుంటాయి. వాటిని తుడిచేముందే ఫ్రేమ్ పెట్టుకొని, నిటారుగా చూస్తూ, దూరపు చూపుకు ఇచ్చిన గుర్తు కనుపాప మధ్యకు వచ్చిందో లేదో దుకాణంలోనే చూపించమనాలి. ఫ్రేమ్ ముక్కు మీద నుంచి జారితే చదివే భాగం కూడా కిందికి దిగిపోతుంది కాబట్టి, దాన్ని అప్పుడప్పుడు బిగింపజేసుకోవాలి.