కాంకర్డ్‌లో గోడకు బిగించిన చిన్న బల్ల

బోస్టన్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు నేను పట్టుబట్టి చూసిన ఊరు కాంకర్డ్. టీనేజీ పిల్లల పుస్తకాలకు 'యంగ్ అడల్ట్' అనే మాట పుట్టకముందే ఎదిగే ఆడపిల్లల కోసం 'లిటిల్ ఉమెన్' నవల రాసిన లూయిసా మే ఆల్కాట్ ఇల్లు, ఆర్చర్డ్ హౌస్, అక్కడే ఉంది.

నార్త్ స్టేషన్‌లో ఫిచ్‌బర్గ్ లైన్ రైలెక్కాం. ప్రయాణం హాయిగానే సాగింది. శని, ఆదివారాల్లో మాత్రం ఒక రైలు తప్పితే ఇంకోదానికి చాలాసేపు కాచుకోవాలి. స్టేషన్ నుంచి ఇంటికి మైలు పైనే నడక. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే క్యాబ్ మాట్లాడుకోండి.

లోపలికి గైడ్‌తోనే పంపిస్తారు, ఫోటోలు తీయనివ్వరు. మొదట మనసు చిన్నబుచ్చుకుంది గానీ, ఫోన్ సంచీలో పడేశాకే ప్రతి వస్తువూ నింపాదిగా చూడగలిగాను. మేడ మీద గదిలో రెండు కిటికీల మధ్య గోడకు బిగించిన అర్ధచంద్రాకారపు బల్ల, లూయిసాకు తండ్రి బ్రాన్సన్ చేసిచ్చింది. మా వంటింట్లో పోపులపెట్టె పెట్టుకునే అర కంటే పెద్దదేం కాదు. 1868లో ఆమె ఆ నవల రాసింది దాని మీదే! ఆడపిల్లల పుస్తకం కావాలని పబ్లిషర్ అడిగితే పెద్దగా ఇష్టం లేకుండానే మొదలుపెట్టింది. అంతకుముందు మారుపేరుతో థ్రిల్లర్ కథలు రాసి ఇంటికి డబ్బు తెచ్చేది. అమెరికా అంతర్యుద్ధంలో నర్సుగా వెళ్లి టైఫాయిడ్ తెచ్చుకుంటే పాదరసం మందు ఇచ్చారు. ఆరోగ్యం మళ్లీ మునుపటిలా కుదుటపడలేదు. ఆ ఒంటితోనే రాసి, కుటుంబం అప్పులు తీర్చింది.

కింద హాల్లో సోఫా మీదున్న పొడుగాటి దిండు నాకు తెగ నచ్చింది. నిలబెట్టి ఉంటే లూయిసాతో కబుర్లు చెప్పొచ్చు, పడుకోబెట్టి ఉంటే పలకరించకూడదు. ఇంట్లోవాళ్లకు అదే గుర్తు.

బస మాత్రం తప్పు చేశాం. ఊరికి దూరంగా ఒక గెస్ట్‌హౌస్‌లో దిగితే ఇరుకు మెట్లు, లిఫ్ట్ లేదు, పొద్దున శాకాహారికి రొట్టె, జామ్ తప్ప మరేం లేదు. బోస్టన్‌లోనే ఉండి పొద్దున వెళ్లి సాయంత్రానికి రావడం మేలు.

స్లీపీ హాలో శ్మశానం మాత్రం వదలకండి. రచయితలు ఎమర్సన్, థోరో, హాథార్న్ పడుకున్న గుట్ట మీదే ఆమె సమాధి కూడా. 1888 మార్చి 4న తండ్రి పోయాడు, 6న ఆమె. చిన్న రాయి, చుట్టూ చదువరులు వదిలి వెళ్లిన పెన్నులు, పెన్సిళ్లు. మా అమ్మాయి ఏమీ మాట్లాడకుండా ఆఫీసు బ్యాగులోంచి తన నీలం పెన్ను తీసి, క్యాప్ బిగించి, వాటి పక్కన పెట్టింది.