స్టైరీనా, వినైలా? పాత అమెరికన్ 45లు ఏళ్ల తరబడి విన్నాక

న్యూజెర్సీలో సంతలు, పాత సామాన్ల దుకాణాలు తిరిగి ఏడంగుళాల సింగిల్స్, అంటే వైపుకొక పాట ఉండి నిమిషానికి 45 చుట్లు తిరిగే రికార్డు ప్లేట్లు (అందుకే వాటిని 45లు అంటారు) ఏరుకోవడం నాకు చాలా ఏళ్ల అలవాటు. ఇప్పుడు పాట పేరు చదవకముందే ఆ ప్లేటు దేనితో చేశారో చూస్తాను. 1950ల నుంచి 1980ల దాకా అమెరికాలో వచ్చిన 45లలో కొన్ని వినైల్ అనే ప్లాస్టిక్‌వి, కొన్ని పాలిస్టైరీన్ అనే మరో ప్లాస్టిక్‌వి; దీన్నే మేం స్టైరీన్ అంటాం. దూరం నుంచి రెండూ ఒకేలా నల్లగా మెరుస్తాయి. అయితే ఏ సూది వాడాలో, ఎలా కడగాలో, ఎంత డబ్బు పెట్టవచ్చో తేల్చేది ఆ తేడాయే.

తయారీ తెలిస్తే గుర్తుపట్టడం తేలిక. వినైల్ ప్లేటుకు వేడి ముద్దను రెండు లేబుళ్ల మధ్య పెట్టి ప్రెస్సులో నొక్కుతారు. దాంతో కాగితం ప్లేటులో కలిసిపోతుంది, గోటితో గీకినా లేవదు. స్టైరీన్‌ను కరిగించి మూసిన అచ్చులోకి ఎక్కించేవారు. లేబుల్ తర్వాత జిగురుతో అంటించేవారు, కొన్నిటికి నేరుగా రంగుతో ముద్రించేవారు. అచ్చులు ఎక్కువ కాలం మన్నేవి, పని చవకగా అయ్యేది. జూక్‌బాక్సులకూ (నాణెం వేస్తే పాట వినిపించే యంత్రాలు) రేడియోలకూ లక్షల్లో సింగిల్స్ పంపాల్సిన కంపెనీలకు అంతకంటే ఏం కావాలి?

కాబట్టి నేను మొదట చూసేది లేబుల్ అంచు. అది కాస్త లేచినట్టున్నా, కింద జిగురు మరక కనిపించినా స్టైరీనే అనుకుంటాను. తర్వాత ప్లేటు అంచు మీద వేలు పోనిస్తాను. వినైల్ అంచు పలచబడుతూ పోయి సన్నగా తెగినట్టుంటుంది, స్టైరీన్‌ది చదునుగా, నలుపలకలుగా తగులుతుంది. ఇంకా అనుమానముంటే రంధ్రంలో వేలు పెట్టి వేలాడదీసి గోటితో మీటుతాను. వినైల్ మందంగా పలుకుతుంది, స్టైరీన్ టిక్కుమని గట్టిగా మోగుతుంది. బరువు కూడా చెబుతుంది: స్టైరీన్ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 1.05 గ్రాములు, రికార్డు వినైల్‌ది 1.35 దగ్గర. వంచి చూడమని కొందరు సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి. వినైల్ వంగి ఊరుకుంటుంది, స్టైరీన్ చిట్లిపోతుంది. దీపానికి ఎదురుగా పట్టి చూడటం మీదా నాకు నమ్మకం తక్కువ. కొన్ని వినైల్ ప్లేట్లు ముదురెరుపుగా కనిపించే మాట నిజమే, అన్నీ అలా కనిపించవు.

పాట అయిపోయాక లేబుల్ దాకా ఉండే ఖాళీ జాగాను మాత్రం తప్పక చదవాలి. లాస్ ఏంజెలెస్‌లోని మోనార్క్ అనే రికార్డుల ప్లాంటు ప్లేట్లలో వృత్తంలో ఎమ్మార్ (MR) అక్షరాలు, త్రిభుజం పక్కన ఒక సంఖ్య ఉంటాయి. అవి కనిపిస్తే చాలామటుకు స్టైరీనే. మా రాష్ట్రంలోనే పిట్‌మన్‌లో ఉండిన కొలంబియా రికార్డు కంపెనీ ప్లాంటు సింగిల్స్ కూడా నాకు దొరికినవి దాదాపు అన్నీ స్టైరీన్‌వే. 1949లో 45లను మొదలుపెట్టిన ఆర్‌సీఏ విక్టర్ కంపెనీ వినైల్‌తోనే మొదలుపెట్టింది. కంట్రీ పాటలకు ఆకుపచ్చ, పిల్లల పాటలకు పసుపు అంటూ రంగు ప్లేట్లు కూడా వేసింది. నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేవి 1960ల అట్లాంటిక్ కంపెనీ సింగిల్స్. ఒకే పాట, ఒకే నంబరు. లేబుల్ మీది మ్యాట్రిక్స్ సంఖ్య (ఆ రికార్డింగుకు కంపెనీ ఇచ్చిన గుర్తు సంఖ్య) చివర ఎంఓ ఉంటే మోనార్క్‌ది, ఎస్‌పీ ఉంటే పెన్సిల్వేనియాలోని స్పెషాల్టీ ప్లాంటుది. మొదటిది స్టైరీన్, రెండోది వినైల్. రెండూ పక్కపక్కనే దొరికితే నేను ఆలోచించకుండా ఎస్‌పీ తీసుకుంటాను.

అలాగని స్టైరీన్ చెడ్డదని కాదు. ఎవరూ ఎక్కువగా వాయించని స్టైరీన్ ప్లేటు ఎంతో స్వచ్ఛంగా, చురుగ్గా పలుకుతుంది. నా దగ్గరున్న కొన్నిటి శబ్దం వినైల్‌కు ఏమాత్రం తీసిపోదు. కానీ అది దెబ్బ ఓర్చుకోదు. సూదిని మోసే చేయి బరువుగా, సూది అరిగిపోయి ఉన్న యంత్రం మీద కొన్నాళ్లు తిరిగితే గాడి గోడలు రాలిపోయి, పాట వెనక బుస్సుమనే హోరు స్థిరపడుతుంది. ఏ శుభ్రతతోనూ అది పోదు. రేడియో స్టేషన్లలో వాడిన కాపీలైతే మరీ జాగ్రత్త. పాట సరిగ్గా మొదలయ్యేచోట నిలపడానికి ప్లేటును వెనక్కి ముందుకీ తిప్పేవారు కనుక మొదటి కొన్ని సెకన్లే పాడైపోయి ఉంటాయి. పైకి తళతళలాడుతుంటుంది, విన్నప్పుడే తెలుస్తుంది. నేను స్టైరీన్‌కు శంఖాకారపు మొన ఉన్న సూదే వాడతాను, సన్నటి మొనల జోలికి పోను.

కడిగేటప్పుడు స్టైరీన్‌ను నానబెట్టకండి, జిగురు ఊడి లేబుల్ చేతికొస్తుంది. తడి గుడ్డతో గాడి వెంట తుడిస్తే చాలు. అసిటోన్ పొరపాటున కూడా తగలకూడదు, స్టైరీన్ కరిగిపోతుంది.

78 స్పీడు ప్లేట్లు దాచుకున్నవారికి ఈ లెక్క వేరు. అవి ఎక్కువగా లక్కతో చేసినవి. కలకత్తా డమ్‌డమ్‌లోని రికార్డుల ఫ్యాక్టరీ నుంచి వచ్చి మన ఇళ్లలో మిగిలిన పాత ప్లేట్లూ అంతే. లక్క స్పిరిటులో కరుగుతుంది కాబట్టి వినైల్ కోసం అమ్మే స్పిరిటు కలిసిన ద్రావణాలు వీటికి వాడకూడదు. అలాగే 78లన్నీ లక్కవేనని అనుకోకండి. రెండో ప్రపంచ యుద్ధంలో లక్క కరువైనప్పుడు అమెరికా సైనికుల కోసం 1943 నుంచి వేసిన వి-డిస్కులలో చాలావరకు వినైల్‌వే. పాత గ్రామఫోను ఉక్కు పిన్ను వాటి మీద పెడితే గాడి చెక్కుకుపోతుంది.

కొనేవారికి నా మాట: వినైల్ మీద చిన్న గీతలుంటే ఒప్పుకోవచ్చు, వినడానికి బాగానే ఉంటుంది. స్టైరీన్ మాత్రం వినిపించి అమ్మే దుకాణంలోనే కొనండి. వినే వీలు లేకపోతే ఎక్కువ డబ్బు పెట్టకండి.